రెండు పరుపుల నడుమ

అసహెల్ పెక్ మాటల్లో మహా పొదుపరి. పెళ్ళినాడు పాదిరి అడిగిన ప్రశ్నకు తలాడించి ఊరుకుంటే, "నోటితో చెప్పాలి నాయనా" అని ఆయన రెండోసారి అడగాల్సి వచ్చింది. గుర్రం తన్ని మంచాన పడతాడేమో, జ్వరమొచ్చి పోతాడేమో అని లొవీసా అప్పుడప్పుడు భయపడేది గాని, తన మొగుడు మాట్లాడి జైలుకు పోతాడని ఏనాడూ అనుకోలేదు.

వెర్మాంటులో వాళ్ళ పొలానికి రాళ్ళే పంట. ఏటా మంచు కరిగేసరికి నిరుడు ఏరి పారేసిన చోటే కొత్త రాళ్ళు పైకి తేలేవి. కాన్సాస్‌లో నేల నల్లగా, మెత్తగా, చేత్తో పిసికితే వెన్నలా ఉంటుందని ఎవరో చెబితే, ఇల్లూ వాకిలీ అమ్ముకుని బండి కట్టుకుని పడమటికి వచ్చేశారు. బానిసల గొడవ వాళ్ళకు పట్టలేదు. ఆ కొత్త సీమలో బానిసలు ఉండొచ్చా ఉండకూడదా అన్నది అక్కడ స్థిరపడ్డ జనమే ఓట్లేసుకుని తేల్చుకోవాలని వాషింగ్టన్‌లో పెద్దలు తీర్మానించి చేతులు దులుపుకున్నారు. అసహెల్‌కు ఆ విషయంలో ఉన్న అభిప్రాయం ఒక్కటే. ఆ తేల్చుకునేదేదో తన గట్టుకవతల తేల్చుకుంటే చాలు.

నది దాటేటప్పుడు వాళ్ళ రెండెద్దుల్లో ఒకటి కొట్టుకుపోయింది. బురదవాగు ఒడ్డున దుంగల ఇల్లు వేసుకుని, ఒంటెద్దును చూసుకుంటూ అసహెల్ గుమ్మంలో కూర్చుని ఉండగా వాగవతలి నుంచి ఒక బక్కపల్చటి మనిషి వచ్చాడు. పేరు ప్లెజెంట్ రడ్. పక్కనే, బానిసలు చెల్లే మిస్సోరీ సీమ వాడు. అతనికీ ఒకటే ఎద్దు. రెండోది పాము కరిచి పోయింది.

"ఒంటెద్దుతో ఏం దున్నుతావన్నా," అన్నాడు ప్లెజెంట్. "నీదాన్నీ నాదాన్నీ కలిపి కడదాం. ఒకరోజు నీ చేను, ఒకరోజు నా చేను."

అసహెల్ తలాడించాడు.

ప్లెజెంట్ భార్య మహాలా ఈ సంబరం చూడ్డానికి మొగుడి వెనకాలే వచ్చి, లొవీసా పక్కన చేరింది. "మాట్లాడడా ఏంది అక్కా మీ ఆయన?"

"పోయినేడు ఒకసారి మాట్లాడాడు," అంది లొవీసా.

ఎద్దులు రెండూ బాగా కుదిరాయి. మిస్సోరీ ఎద్దు పేరు జనరల్, వెర్మాంటు ఎద్దు పేరు డీకన్. పిలిచే యాసలు వేరైనా, ముల్లుకర్ర భాష రెంటికీ ఒకటే.

మరుసటి ఏడాది మార్చిలో ఓట్లొచ్చాయి. ఆ చుట్టుపక్కల అద్దమున్న కిటికీ పెక్ వాళ్ళ ఇంటికొక్కదానికే ఉంది గనక ఓట్లు అక్కడే పెట్టారు. ఓటరు బయట నిలబడి కిటికీలోంచి చీటీ అందించాలి. లోపల ముగ్గురు పెద్దమనుషులు కూర్చుని, నేనీ సీమ కాపురస్తుణ్ణే అని ప్రమాణం చేయించుకుని చీటీ పెట్టెలో వెయ్యాలి. అసహెల్‌ను ఒక పెద్దమనిషిగా వేశారు. ఎందుకంటే వద్దని అతను అనలేదు.

ముందురోజు సాయంత్రానికే మిస్సోరీ నుంచి బళ్ళు దిగాయి. బానిసలు కావాలనే పక్షం గుర్తుగా గుండీ కాజాల్లో జనపనార పోచలు గుచ్చుకున్న మగాళ్ళు, తుపాకులు, సారా పీపాలు, ఒక ఫిడేలు, ఒక చిన్న ఫిరంగి. వాళ్ళ నాయకుడు బర్వెల్ రడ్, ప్లెజెంట్‌కు పెదనాన్న కొడుకు. అందరూ అతన్ని కల్నల్ అనేవారు. ఏ పటాలంలో అని ఎవరూ అడగలేదు.

"ఓట్లకు ఫిరంగి ఎందుకే?" అని లొవీసా మహాలాను అడిగింది.

"ఏమో అక్కా. మా వైపు పెళ్ళిళ్ళక్కూడా తేరు."

తెల్లారి కిటికీ ముందు వరస కట్టారు. అసహెల్ పక్కన కూర్చున్న పెద్దమనిషి మొదటివాణ్ణి అడిగాడు.

"కాపురం ఎక్కడ?"

"ఇక్కడే. నిలబడున్నాగా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నువ్విట్టా అడగబట్టి చానాసేపట్నుంచి."

ప్రమాణం చెయ్యందే చీటీ తీసుకునేది లేదన్నారు పెద్దమనుషులు. అప్పుడు బర్వెల్ మనుషులు ఇంటి మూల దుంగ కింద వాసాలు దూర్చి ఇంటిని పైకెత్తడం మొదలుపెట్టారు. ఆ మూల జానెడు లేచింది. పెద్దమనుషులు ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకుని బయటికి నడిచారు. లొవీసా మాత్రం కదల్లేదు. పొయ్యి మీద చిక్కుడు గింజల కుండ ఒరుగుతోంది, గింజలింకా ఉడకలేదు. ఆమె కుండ పట్టుకుని నిలబడింది. బర్వెల్ మనుషుల్లో ముగ్గురు లోపలికొచ్చి ఆ కుర్చీల్లోనే కూర్చుని, ఆమెకు మర్యాదగా టోపీలు తీసి, చీటీలు తీసుకోవడం మొదలుపెట్టారు.

ఆ రోజు ఓటింగు మొదట్నుంచి చివరిదాకా చూసిన బురదవాగు మనిషి ఆమె ఒక్కతే. ఆమెకు ఓటు లేదు.

వచ్చినవాళ్ళు పొద్దున ఒకసారి వేసి, మధ్యాహ్నం టోపీలు మార్చుకొచ్చి మళ్ళీ వేశారు. టోపీలు చాలక ఒకడు ప్లెజెంట్ టోపీ అడిగి పట్టుకుపోయాడు. ప్లెజెంట్ వట్టి తలతో వచ్చి ఒక్క ఓటు, బర్వెల్ చెప్పిన వైపే వేసి, కిటికీలోంచి లొవీసాను చూసి తల దించుకుని వెళ్ళిపోయాడు. బురదవాగు మగాళ్ళంతా ఒక్క బల్ల చుట్టూ కూర్చుని భోంచెయ్యగలరు. ఓట్లు మాత్రం ఒక పట్నానికి సరిపడా పడ్డాయి.

అలా గెలిచినవాళ్ళు సభ పెట్టి చట్టాలు చేశారు. ఓడినవాళ్ళు అది సభే కాదని ఇంకోచోట తమ సభ పెట్టుకున్నారు. దాంతో ఆ సీమకు రెండు ప్రభుత్వాలయ్యాయి. వాషింగ్టన్ నుంచి వచ్చిన గవర్నరు మొదటిదాన్ని ప్రభుత్వమన్నాడు, రెండోదాన్ని రాజద్రోహమన్నాడు. మొదటిదాని చట్టం ప్రకారం బానిస పారిపోవడానికి సాయపడితే ఉరి, న్యాయమూర్తి దయ తలిస్తే పదేళ్ళ కఠిన శిక్ష. ఈ సీమలో బానిసల్ని ఉంచుకునే హక్కు ఎవరికీ లేదని నోటితో అంటే రెండేళ్ళు.

కాడి కూడా విడిపోయింది. ఎద్దుల మధ్య గొడవేమీ రాలేదు. బానిసలు వద్దనే పక్షం వాళ్ళు అసహెల్‌ను కలిసి, మిస్సోరీ వాడితో కాడి కట్టేవాడు మనవాడెలా అవుతాడన్నారు. బర్వెల్ వచ్చి ప్లెజెంట్‌తోనూ అదే మాట, ఇంకొన్ని బూతులు కలిపి అన్నాడు. ఒకరోజు పొద్దున ప్లెజెంట్ వచ్చి జనరల్‌ను విప్పుకుంటూ, "ఏమనుకోవాకన్నా," అన్నాడు. అసహెల్ పలుపు విప్పడంలో సాయం చేశాడు. ఆ తర్వాత అసహెల్ ఎద్దు పక్కన పాడి ఆవును కట్టి దున్నాడు. ఆవు పాలు ఎండిపోయాయి. ప్లెజెంట్ ఒంటెద్దుతోనే దున్నాడు. అతని చాళ్ళు పాము పోయిన జాడలా ఉండేవి. ఇద్దరి చేలూ సగం బీడుపడ్డాయి.

ఆ శరదృతువులో ప్లెజెంట్ పెదనాన్న కాలం చేస్తూ, తన దగ్గరున్న జూడిత్ అనే ముప్పయ్యేళ్ళ మనిషిని సగం బర్వెల్‌కూ సగం ప్లెజెంట్‌కూ రాసిపోయాడు. బర్వెల్ ఇంట్లో బానిసలు చాలామందే ఉన్నారు గనక ఆమెను తెచ్చి ప్లెజెంట్ ఇంట్లో దింపి, "ఇంక నువ్వూ పెద్దమనిషివేరా. పెద్దమనిషిలా ఉండు," అని చెప్పి వెళ్ళాడు.

పెద్దమనిషిలా ఉండడం ఎలాగో ప్లెజెంట్‌కు తెలియలేదు. ఇంట్లో ఉన్నది ఒక గది, ఒక బల్ల. జూడిత్‌కు వేరే పెడదామంటే వేరే అన్న చోటు లేదు. ముగ్గురూ ఒకే బల్ల దగ్గర మొక్కజొన్న సంకటి తినేవారు. బర్వెల్ ఒకసారి వచ్చి చూసి మండిపడ్డాడు.

"బానిసతో కలిసి బల్ల మీద తింటావురా?"

"రెండో బల్ల నువ్వు చేయించి పంపన్నా," అన్నాడు ప్లెజెంట్. "సగం నీదేగా ఆ మనిషి."

చలికాలం చివర ఒక ఎండ పొద్దున ఆడవాళ్ళు ముగ్గురూ వాగులో బట్టలు ఉతుక్కుంటున్నారు. మగాళ్ళు పలకరించుకోవడం మానేశారు గాని, వాగు ఒకటే. జూడిత్ పెద్దగా మాట్లాడేది కాదు. ఆమె మొగుణ్ణి రెండేళ్ళ కిందట అతని యజమాని టెక్సాస్‌కు అమ్మేశాడని మహాలా చెప్పింది. ఆ పూట జూడిత్ తనంతట తనే అడిగింది.

"లొవీసమ్మా, మీవాళ్ళు గెలిస్తే ఏమవుద్ది?"

"ఈ సీమలో బానిసలుండరు."

"అంటే నన్నొదిలేస్తారా?"

లొవీసా బట్ట పిండడం ఆపింది. అబద్ధం చెప్పేందుకు నోరు రాలేదు. "నల్లవాళ్ళు అసలిక్కడ ఉండనే కూడదని మావాళ్ళు మొన్న ఓట్లేసుకున్నారు."

"మీ ఆయన ఎటేశాడు?"

"ఆయన చెప్పలేదు. నేనడగలేదు."

జూడిత్ మహాలా వైపు తిరిగింది. "మీవాళ్ళు గెలిస్తేనో?"

"అప్పుడు నువ్విక్కణ్ణుంచి పోగూడదు," అంది మహాలా.

"ఒకరు ఉండొద్దంటారు, ఒకరు పోవద్దంటారు." జూడిత్ చొక్కా దులిపి పొద మీద ఆరేసింది. "ఇద్దరి దగ్గరా తుపాకులున్నయ్. బాగానే ఉంది."

మే నెలలో అసహెల్ మేకుల కోసం రేవు దగ్గర కొట్టుకు వెళ్ళాడు. అక్కడ షెరీఫు మనిషి ఒకడు కొత్త చట్టాలు పైకి చదువుతున్నాడు. అసహెల్ మేకుల పొట్లం చేత్తో పట్టుకుని మొదట్నుంచి చివరిదాకా విన్నాడు. విని, ఈ సీమలో మనుషుల్ని బానిసలుగా ఉంచుకునే హక్కు ఎవరికీ లేదు అన్నాడు. గట్టిగా కాదు, వాన పడేట్టుంది అన్నట్టు అన్నాడు.

షెరీఫు మనిషి చదవడం ఆపి, "ఏమన్నావ్?" అన్నాడు.

అసహెల్ మళ్ళీ చెప్పాడు.

అతన్ని మొదటి ప్రభుత్వం కొలువున్న లెకాంప్టన్ దగ్గర మైదానంలో, మిగతా ఖైదీలతో పాటు డేరాల్లో పెట్టారు. లొవీసా రొట్టెలు పట్టుకుని చూడ్డానికి వెళ్ళింది. డేరా బయట సైనికుడు కాపలా ఉన్నాడు. లోపల అసహెల్ ఎవరిదో బూటు కుడుతున్నాడు.

"ఎందుకన్నారు అట్లా?"

"చదువుతుంటే విన్నాను. అనగలనో లేదో చూద్దామని."

"అంటే అన్నారు. రెండోసారి ఎందుకు చెప్పారు?"

"ఆయన అడిగాడు," అన్నాడు అసహెల్.

లొవీసాకు కోపమొచ్చింది, ఏడుపొచ్చింది. తిరుగుదారిలో సగం దూరం వచ్చాక, పెళ్ళయిన ఇన్నేళ్ళలో తన మొగుడు ఒకే పూట అన్ని మాటలు మాట్లాడ్డం అదే మొదటిసారని తట్టి, ఎందుకో కాస్త గర్వం కూడా వచ్చింది. ఆ గర్వం సంగతి ఎవరికీ చెప్పలేదు.

జూలైలో ఒక శుక్రవారం, పొద్దు బారెడెక్కిన వేళ, మహాలా జనరల్‌ను తోలుకుని వాగు దాటి వచ్చింది. వెనకాల జూడిత్, నెత్తిన బట్టల గంపతో. మహాలా ఎద్దును తెచ్చి డీకన్ పక్కన కట్టేసింది.

"ఇదేంటే?" అంది లొవీసా.

"ఆదివారం బర్వెల్ వస్తన్నాడక్కా. జూడిత్‌ను అమ్మేసి ఆ డబ్బుతో తుపాకులు తెస్తాడంట. తుపాకులొస్తే ఒకటి మా ఆయన చేతిలో పెడతాడు. ఆయనకు కుందేలును కొట్టడమే చేతకాదు." మహాలా గౌను అంచుతో మొహం తుడుచుకుంది. "అదీగాక ఈవిడ రాత్రిళ్ళు నిద్రపోటం లేదు. ఒకటే గది. ఈవిడ పడుకోకపోతే నాకూ నిద్ర రాదు."

"నేను నిద్రపోను గాని ఏడవను," అంది జూడిత్, గంప దించుతూ. "అది కూడా చెప్పు. లొవీసమ్మా, నేనెట్టాగైనా పోతన్నా. నడిచి పోతే ఈ సాయంత్రానికే పట్టుకుంటారు. నీ దగ్గర బండుంది. టొపీకాలో ఒక కమ్మరి ఉన్నాడంట, ఆయన ఇంటి దాకా చేరిస్తే అక్కణ్ణుంచి ఉత్తరానికి పంపిస్తాడంట. అడగటానికొచ్చా. ఒద్దంటే ఒద్దని ఇప్పుడే చెప్పు, పొద్దు పోతంది."

ఉరి, దయ తలిస్తే పదేళ్ళు. లొవీసా పీట మీద కూర్చుంది.

"ప్లెజెంట్‌కు తెలుసా?" అని మహాలాను అడిగింది.

"ఆయన్ను బర్వెల్ రోడ్డు కాపలాకు పట్టకపోయాడు. ఇంట్లో లేని మనిషిని ఏమడుగుతాం?"

"రేపు నిన్ను అడిగితే?"

"ఎద్దు కట్టు విడిపించుకుని పోయిందంటా. జూడిత్ గంప తీసుకుని వాగుకు పోయిందంటా. రెండూ జరిగినయ్యే."

లొవీసా లేచి, ఇంట్లోంచి మొక్కజొన్న డొప్పలు కుక్కిన పరుపులు రెండు ఈడ్చుకొచ్చింది. ఖైదీల భార్యలు డేరాలకు పరుపులు మోసుకెళ్ళడం ఆ దార్లో అందరూ చూసేదే. ఒక పరుపు బండిలో పరిచారు. దాని మీద జూడిత్ పడుకుంది. ఆమెకు అటూ ఇటూ రొట్టెల మూటలూ బట్టల మూటలూ ఆనించి, పైన రెండో పరుపు వేశారు.

"ఊపిరాడుతోందా?" అంది లొవీసా.

"ఆడకపోతే చెప్తాలే. తోలు."

డీకన్, జనరల్ ఏడాది తర్వాత కాడి కిందికొచ్చాయి. ఏమీ జరగనట్టే అడుగు కలిపి నడిచాయి.

ఎండ మాడ్చేస్తోంది. లెకాంప్టన్ ఇంకా రెండు కోసులుందనగా, ఒక ఓక్ చెట్టు కింద గుర్రాలు కనిపించాయి. బర్వెల్ గుర్రం మీదే ఉన్నాడు. అయిదారుగురు మనుషులు నీడలో కూర్చుని పేకాడుతున్నారు. వాళ్ళకు కాస్త ఎడంగా, తుపాకీ ఒళ్ళో పెట్టుకుని ప్లెజెంట్ రడ్.

"ఎక్కడికమ్మా?" అన్నాడు బర్వెల్.

"మా ఆయన డేరాలో ఉన్నాడు. పరుపులు పట్టుకెళ్తున్నా."

"జైల్లో పరుపా? మీ ఉత్తరాది యాంకీలు సుఖపురుషులే." అతను ఒకణ్ణి చూసి గడ్డం ఎగరేశాడు. ఆ మనిషి పేకముక్కలు బోర్లించి లేచి, నడుము నుంచి బారెడు కత్తి తీశాడు. పరుపుల్లో కత్తి దించి చూడడం వాళ్ళ పద్ధతి. తుపాకులు దాచుతారని.

లొవీసా నోరు తెరిచింది గాని మాట రాలేదు. అడిగినప్పుడు అనగలిగిన తన మొగుడి మీద ఉన్న పళాన అసూయ కలిగింది.

"నువ్వు ఆట చూసుకో, నేను చూస్తాలే," అని ప్లెజెంట్ లేచాడు. నిదానంగా బండి దగ్గరికొచ్చాడు. జనరల్ అతన్ని చూసి మూతి చాపి చొక్కా చెయ్యి నాకింది. ప్లెజెంట్ ఎద్దును చూశాడు, లొవీసాను చూశాడు. చక్రం మీద కాలేసి ఎక్కి, రెండు పరుపుల మధ్య మోచేతి దాకా చెయ్యి పెట్టాడు.

చెయ్యి అక్కడే ఉండిపోయింది. అతని మొహంలో రంగేమీ మారలేదు. చెమట మాత్రం గడ్డం మీది నుంచి పరుపు మీద పడింది.

"ఏముందిరా?" అన్నాడు బర్వెల్.

ప్లెజెంట్ చెయ్యి బయటికి తీశాడు. "డొప్పలు."

"ఆ ఎద్దు నీది కాదూ?"

"నాదే. బదులిచ్చా."

"యాంకీ ఆడదానికి ఎద్దు బదులిస్తావురా?"

"తిరిగి తీసుకుంటాలే," అన్నాడు ప్లెజెంట్. కిందికి దిగి, జనరల్ మెడ మీద చెయ్యేసి, లొవీసా వైపు చూడకుండా, "గబగబా తోలమాక వదినా. ఎండగా ఉంది, ఎద్దుకు మంచిది కాదు," అన్నాడు.

ఆమె గబగబా తోలలేదు. చెట్టూ గుర్రాలూ కనుమరుగై, ఒక మిట్ట దాటి, వంపులో దిగాక బండి ఆపి పై పరుపు ఎత్తింది. జూడిత్ ఒళ్ళంతా చెమటకు డొప్పల పొట్టు అంటుకుని ఉంది. లేచి కూర్చుని ముందు నీళ్ళు తాగింది.

"చెయ్యి తగిలిందా?" అంది లొవీసా.

"చీలమండ పట్టుకున్నాడు. తన సగం అదో కాదో చూసుకుంటన్నాడనుకున్నా." ఇంకాసిని నీళ్ళు తాగింది. "ఆ పరుపు మళ్ళీ వెయ్యి. ఇంకా చానా దూరముంది."

టొపీకాలో కమ్మరి ఇంటి దొడ్లో ఆమెను దింపినప్పుడు లొవీసాకు ఏదైనా పెద్దమాట అనాలనిపించింది. తట్టలేదు. జూడిత్ రొట్టె మూట చంకన పెట్టుకుని, "నీ పరుపులో పురుగులున్నయి, ఎండలో ఎయ్యి," అని చెప్పి లోపలికెళ్ళింది.

మూడోనాటికి లొవీసా తిరిగొచ్చేసరికి బర్వెల్ వచ్చి, వెతికి, ప్లెజెంట్ ఇంట్లో ఉన్న ఒక్క బల్లా విరగ్గొట్టి వెళ్ళాడు. జరిగిందేమిటో అతనికి తెలియలేదు. తమ్ముడి చేతగానితనం అనుకున్నాడు. ఆ అభిప్రాయం ముందు నుంచీ ఉన్నదే గనక ఇంకే అనుమానమూ రాలేదు.

జనరల్‌ను తిరిగి అప్పజెప్పడానికి లొవీసా వాగు దాటి వెళ్ళింది. ప్లెజెంట్ పలుపు అందుకున్నాడు. ఆమె ఏదో అనబోతే, "ఎద్దు బాగానే ఉందిగా," అన్నాడు. అక్కడితో ఆ మాట అయిపోయింది.

ఆగస్టు చివర బానిసలు వద్దనే పక్షం గుర్రపు దండు ఒకటి బురదవాగుకు వచ్చింది. పట్టపగలు. ఏడెనిమిది మంది, మొహాల నిండా దుమ్ము. వాళ్ళలో ముందున్నవాడు లొవీసా ఇంటి ముందు ఆగి, నీళ్ళడిగి తాగి, మర్యాదగానే అడిగాడు.

"ఇక్కడ బానిసను ఉంచుకున్నవాడి ఇల్లు ఏదమ్మా?"

"ఇక్కడ బానిసలెవరూ లేరు."

"రడ్ అట. మీ ఊరివాళ్ళే చెప్పారు."

"ఆ మనిషి పోయింది. పారిపోయింది. జూలైలోనే."

"వాడు వదిలాడా?"

"వదిలాడు. దార్లో పట్టుకుని కూడా వదిలేశాడు. నేను చూశాను. నా బండిలోనే ఉంది."

అంతదాకా ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. దండు నాయకుడు ఆమెను తేరిపార చూశాడు. ఒంటరి ఆడది, మొగుడు జైల్లో, వాగవతల మిస్సోరీ వాళ్ళు. పాపం, భయపడి వెనకేసుకొస్తోందనుకున్నాడు.

"వదిలేశానని అతనెక్కడైనా అన్నాడా?"

"అనలేదు."

"మేం మాట్లాడతాంలే, నువ్వు లోపలికెళ్ళు," అని అతను గుర్రాన్ని వాగులోకి దింపాడు.

లొవీసా లోపలికి వెళ్ళలేదు. వాగులో పడి పరిగెత్తింది. నీళ్ళు తొడల దాకా ఉన్నాయి. అవతలి గట్టు ఎక్కుతుండగా తుపాకీ ఒకసారి పేలింది. తర్వాత ఇంకోసారి.

గుర్రాలు వెళ్ళిపోయాక మహాలా గుమ్మంలో కూర్చుని ఉంది. ప్లెజెంట్ వాకిట్లో, ఎండలో పడి ఉన్నాడు.

"తింటన్నాడు," అంది మహాలా. "బల్ల లేదుగా, నేల మీద కూచుని తింటన్నాడు. లెగమన్నారు. లేచాడు. బానిసను పెట్టుకున్నావా అన్నారు. పెట్టుకున్నా అన్నాడు. ఇప్పుడెక్కడుంది అన్నారు. తెలవదన్నాడు. తెలవదుగా."

"నేను చెప్పానే. వినలేదు."

"మీవాళ్ళే," అంది మహాలా.

"మావాళ్ళే," అంది లొవీసా.

ఇద్దరూ కలిసి ఎండిన నేలను సాయంత్రం దాకా తవ్వారు. ఆ రెండిళ్ళలో ఉన్నవి రెండే పారలు. పాతిపెట్టాక చదవడానికి బైబిలు ఎవరిది తేవాలో తేలక, తలా ఒక వాక్యం నోటికొచ్చింది చెప్పారు. వారం తిరక్కముందే మహాలా అన్నదమ్ములు వచ్చి ఆమెను మిస్సోరీకి తీసుకుపోయారు. బండి ఎక్కేముందు ఆమె లొవీసాను కావలించుకోలేదు. చెయ్యి మాత్రం పట్టుకుని, "పెసలంత గింజ కట్టింది మా మొక్కజొన్న. పక్షులు తినకముందే కోసుకో అక్కా," అంది. లొవీసా కోసింది.

సెప్టెంబరులో గవర్నరు మారి ఖైదీలను వదిలేశారు. అసహెల్ నడిచి ఇంటికొచ్చాడు. లొవీసా జరిగిందంతా చెప్పింది. అతను విని, లేచి వాగు దాటి వెళ్ళి, మట్టి కుంగిన చోట సరిచేసి, రాళ్ళు పేర్చి వచ్చాడు. ఆ నేలలో రాళ్ళు దొరకవు గనక చీకటి పడింది. ఆ రాత్రి మాత్రం పడుకునేముందు, "మంచి కాడి," అన్నాడు.

ఆ తర్వాత అయిదేళ్ళపాటు ఆ సీమలో ఇళ్ళు కాలుతూనే ఉన్నాయి. మనుషులు తమ గుమ్మాల్లోనే చస్తూ ఉన్నారు. పద్దెనిమిది వందల అరవయ్యొకటి ఏప్రిల్‌లో ఒకరోజు, టపా మోసే మనిషి గుర్రాన్ని దౌడు తీయించుకుంటూ వచ్చి, ఎక్కడో తూర్పున సముద్రం ఒడ్డున కోట మీద ఫిరంగులు పేల్చారని, ఉత్తరానికీ దక్షిణానికీ యుద్ధం మొదలైందని కేకేశాడు.

"ఇప్పుడా?" అంది లొవీసా.

ఆ మరుసటి ఏడాది శరదృతువులో, నల్లవాళ్ళతో కట్టిన కాన్సాస్ పటాలం ఒకటి ఆ దారిన పోతూ వాగు దగ్గర ఆగింది. బట్టలుతికే ఆడవాళ్ళ బండ్లు వెనకాల వచ్చాయి. ఒక బండి దిగి, కాస్త లావెక్కిన మనిషి నేరుగా పెక్ వాళ్ళ గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. లొవీసా గుర్తుపట్టడానికి క్షణం పట్టింది.

"ఇప్పుడు ఉండొద్దనీ పోవద్దనీ ఎవరూ చెప్పటం లేదు," అంది జూడిత్. "అందుకని వచ్చా."

కూర్చోబెట్టి, చిక్కుడు గింజలు, ఉప్పు పంది మాంసం పెట్టింది లొవీసా. అయోవాలో ఒక చలికాలం, కెనడాలో నాలుగేళ్ళు, యుద్ధం మొదలయ్యాక మళ్ళీ వెనక్కి. ఆ సంగతులన్నీ తింటూ చెప్పింది జూడిత్. బర్వెల్ బతికున్నాడా అనడిగింది. దక్షిణం వైపు పటాలంలో నిజంగానే కల్నలయ్యాడని విన్నామంది లొవీసా. జూడిత్ ఆ మాటను బుర్రలో పెట్టుకున్నట్టు తలాడించింది. అప్పుడు లొవీసా ప్లెజెంట్ సంగతి చెప్పింది.

జూడిత్ చెంచా కింద పెట్టింది. వాగు వైపు చూసింది.

"మంచోడని నేననను," అంది. "ఇంచుమించు ఏడాది నా చాకిరీ తిన్నాడు. వాళ్ళ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ వెళ్ళిపొమ్మని ఒక్కసారన్నాడా? అనలేదు. ఆరోజు మాత్రం చెయ్యి తీసేశాడు."

"అంతే," అంది లొవీసా.

"అంతే. దానికి చంపక్కర్లేదు." ఆమె మళ్ళీ చెంచా తీసుకుంది. "నన్ను పెట్టుకున్నందుకంటావా, అది వేరే లెక్క. ఆ లెక్క అడిగే హక్కు నాది. వాళ్ళెవరు అడగటానికి?"

బయట బాకా ఊదారు. అసహెల్ ఆమె బండి చక్రానికి కొవ్వు పూస్తున్నాడు, ఎవరూ చెప్పకుండానే. జూడిత్ గిన్నె ముందుకు జరిపింది.

"ఇంకాసిని గింజలుంటే పెట్టు. మాపటికి ఎక్కడ ఆగుతామో తెలవదు."

లొవీసా కుండ వంచి పెట్టింది.